ఓబులమ్మ చెప్పిన సోది

అనగనగా ఒక రాజున్నాడు. ఉన్నాడు గానీ ఆయన సంగతి తరవాత. ముందు ఓబులమ్మ సంగతి చెబుతా. మధ్యలో అడ్డు ప్రశ్నలేశారంటే కథ అక్కడే ఆపేస్తా, ఏమనుకున్నారో.

ఆ రాజ్యంలో ఓబులమ్మ సోది చెప్పేది. చంకన బుట్ట, చేతిలో బెత్తం. ఎవరైనా చేటలో బియ్యం పోసి అడిగితే వాళ్ళ చెయ్యి పట్టుకుని, తప్పిపోయిన ఆవు ఎక్కడుందో, అలిగిపోయిన అల్లుడు ఎప్పుడొస్తాడో చెప్పేది. అంతా ఒట్టి బూటకం. ఆమె మొగుడు తిరుపాలు పూసలు, దువ్వెనలు అమ్ముకుంటూ ఒక రోజు ముందే ఆ ఊరికి పోయేవాడు. దువ్వెన బేరమాడుతూ ఆడవాళ్ళు ఇంటి గుట్టంతా చెప్పేసేవాళ్ళు. సాయంత్రం ఊరి బయట అవన్నీ పెళ్ళానికి అప్పజెప్పేవాడు. మర్నాడు ఓబులమ్మ వచ్చి అవే చెబితే ఊరంతా ముక్కున వేలేసుకునేది. ఆ బియ్యమే వండుకుని ఇద్దరూ నవ్వుకుంటూ తినేవాళ్ళు. దొంగబతుకే, కాదనను. కానీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఒకసారి ముందు పోయిన తిరుపాలు సాయంత్రానికి రాలేదు. ఓబులమ్మ ఊరి బయట మూడు రోజులు కూర్చుంది. ఊళ్ళోకి పోయి అడిగితే అలాంటి మనిషే రాలేదన్నారు. ఆయన ఎప్పుడూ ముందే కదా పోతాడు, ముందుకే పోయుంటాడని పై ఊరికి పోయింది. అక్కడా లేడు. ఆ పై ఊరికి పోయింది. అక్కడా లేడు. అలా మూడేళ్ళు తిరిగింది. ఒక రోజు పడుకున్న ఊళ్ళో రెండో రోజు పడుకోలేదు. అన్నం వండితే అలవాటుగా రెండు విస్తళ్ళు వేసేది, ఒకటి తీసి మళ్ళీ బుట్టలో పెట్టుకునేది.

పొట్ట కోసం సోది మాత్రం మానలేదు. కబుర్లు తెచ్చేవాడు లేడు గనక నోటికొచ్చింది చెప్పేది. మొగుడు దూరమైన ఏ ఆడది చెయ్యి చాచినా "వస్తాడు తల్లీ, తప్పకుండా వస్తాడు" అనేది. ఆ మాట తనకు చెప్పేవాళ్ళు లేక, అందరికీ తనే చెప్పేది. చెప్పి, మర్నాడు పొద్దున్నే పై ఊరికి పోయేది.

ఇక రాజు సంగతి. ఆయన కూతురు హేమలేఖను ఒక మాయావి ఎత్తుకుపోయాడు. ఆమెను చేసుకోవలసిన రాకుమారుడు జయంతుడు నిద్రాహారాలు మాని వెతుకుతున్నాడు. రాజు ఓబులమ్మను పిలిపించి, మా అమ్మాయి ఎక్కడుందో చెప్పు, అబద్ధమైతే తల తీయిస్తా అన్నాడు. ఓబులమ్మ తప్పించుకునే దారి చూసుకుంది. ఎంత దూరం చెబితే అంత మేలనుకుని, ఏడు సముద్రాల అవతల ఎర్ర ఇసుక దీవి అంది. మాయావి ప్రాణం వాడి పెంపుడు చిలకలో ఉందంది. జయంతుడితో, దారిలో తాబేలు కనిపిస్తే బతిమాలు, గద్ద కనిపిస్తే బతిమాలు, ముంగిస కనిపిస్తే బతిమాలు అంది. ఇంకా నమ్మించాలని, ఆ మాయావికి ఉలవచారంటే పడిచచ్చేంత ఇష్టమని కూడా అనేసింది.

జయంతుడు కుండెడు ఉలవచారు కట్టించుకుని అటు బయల్దేరాడు. ఓబులమ్మ ఇటు పారిపోయింది.

ఆరు నెలలకు గుర్రపు భటులు ఆమెను ఒక ఊళ్ళో పట్టుకున్నారు. ఇక తల పోయినట్టే అనుకుంది. తీరా కోటకు వస్తే పెళ్ళిపందిళ్ళు. జయంతుడు ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. తాబేలు సముద్రాలు దాటించిందట, గద్ద కొండ మీదికి చేర్చిందట, ముంగిస గుహలోకి సొరంగం తవ్విందట. మాయావి కుండ ఖాళీ చేసి గుర్రు పెడుతుంటే చిలక మెడ విరిచాడట. హేమలేఖ పక్కనే నిలబడి ఉంది.

ఓబులమ్మ కూలబడిపోయింది. అదంతా నేను కల్పించి చెప్పాను బాబూ, నాకేం తెలీదు అంది. హేమలేఖ ఆమె పక్కన కూర్చుంది. నువ్వు తిరిగిన ఊళ్ళ నించి ఆడవాళ్ళు మొక్కు చెల్లించడానికి నిన్ను వెతుక్కుంటూ వస్తున్నారు, నువ్వు వస్తాడన్న ప్రతివాడూ వచ్చాడట, మర్నాటికి ఊళ్ళో ఉండవు గనక నీకు తెలీలేదు అని చెప్పింది.

రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. నా కోసం ఒక్క ప్రశ్న అడగండి చాలు అంది. సోది చెప్పేవాళ్ళు తమకు తాము చెప్పుకోకూడదు. ఎవరో ఒకరు బియ్యం పోసి అడగాలి. మూడేళ్ళలో ఆమె కోసం అడిగిన దిక్కు లేదు.

హేమలేఖ తన తలంబ్రాల బియ్యంలోంచి దోసెడు తీసి చేటలో పోసి, చెయ్యి చాచింది. ఓబులమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ వస్తాడనుకునే బతికాను తల్లీ. ఇప్పుడు నా నోట లేడని వస్తే?"

హేమలేఖ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఓబులమ్మే అడగమని తల ఊపింది.

"ఓబులమ్మ మొగుడు ఎక్కడున్నాడు?"

ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. "ఉన్నాడు. వెనక ఉన్నాడు. ఆ రోజు దారిలో జ్వరమొచ్చి గొర్రెలవాళ్ళ గుడిసెలో వారం పడున్నాడు. లేచేసరికి ఆమె ముందుకు పోయింది. ఆనాటి నించి ఆమె వెనకే వస్తున్నాడు. ఆమె పొద్దున వదిలిన ఊరికి ఆయన సాయంత్రం చేరతాడు. ఒక్క రోజు ఆగితే చాలు."

కళ్ళు తెరిచి వెక్కి వెక్కి ఏడ్చింది. మూడేళ్ళూ ముందు ముందు అని వెతికింది గానీ, ఒక్క పూట వెనక్కి తిరిగి చూడలేదు మరి.

మర్నాడు లోపల పెళ్ళి మేళాలు మోగుతుంటే ఆమె కోటవాకిట్లో కూర్చుంది. భోజనానికి పిలిచినా లేవలేదు. పొద్దు వాలే వేళకు పూసలపెట్టె నెత్తిన పెట్టుకుని, చిక్కి సగమైన మనిషి వచ్చాడు. ఆమెను చూసి నిలబడిపోయాడు.

"ముందు పోవాల్సింది నేను కదే," అన్నాడు. "నువ్వెందుకు పోయావు?"

ఓబులమ్మ పెట్టె దించి ఆయన్ని పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

జయంతుడూ హేమలేఖా నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. ఓబులమ్మా తిరుపాలూ మళ్ళీ ఊళ్ళు పట్టుకునే తిరిగారు, కానీ ఒకరు ముందూ ఒకరు వెనకా కాదు. ఏ ఊరికైనా కలిసే పోయేవాళ్ళు. పోయిన చోట మూడేసి రోజులు ఉండేవాళ్ళు. ఇంక తొందరేముంది?