ముందున్నవాళ్ళకు తొలి దుంప

అనగనగా నల్లమద్ది చెట్లు గుబురుగా పెరిగిన ఒక అడవిలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. దానికి సొంత ఇల్లంటూ ఎప్పుడూ లేదు. పుట్టింది ఒక బండ కింద, పెరిగింది ఇంకో పొదలో. ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా ఎవరో వదిలేసిన గుంతలోనే కాపురం.

ఆ ఏడు ఎండాకాలమంతా సూదమ్మ నక్కకు దుంపలు తవ్విపెట్టింది. అందుకు బదులుగా నక్క వాగు గట్టున ఉన్న తన బొరియను దానికిచ్చేసింది.

"ఇక ఇది మనదే, పిల్లలూ!" అంది సూదమ్మ. వాళ్ళమ్మ గుర్తొచ్చింది.

వాళ్ళమ్మ ఎన్ని ఇళ్ళు మారిందో! మారిన ప్రతిచోటా ముందు తోక ముళ్ళతో గలగలమని వాకిలి ఊడ్చేది. తొలిగా దొరికిన దుంపను గడప మీద పెట్టేది. "మాకంటే ముందు ఇక్కడున్నవాళ్ళారా! రండి, ఎంగిలి పడండి" అని మూడుసార్లు పిలిచేది. ఆ తర్వాతే పిల్లల్ని లోపలికి రానిచ్చేది.

ఎప్పుడూ ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. చిన్నారి సూదమ్మ ఆకలితో దుంప వంకే చూస్తూ కూర్చునేది. "ఎవరూ రారు కదమ్మా, ఎందుకు పిలుస్తావు?" అని అడిగితే, "పిలవకుండా ఎలా తింటామే?" అని వాళ్ళమ్మ తల నిమిరేది. ఆ దుంప రుచి సూదమ్మకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు తనూ వాకిలి ఊడ్చింది. ఒక దుంప తెచ్చింది. అది చూసి నక్క నవ్వింది.

"ఆ పిచ్చిపని మానుకో సూదమ్మా! ఇదివరకు ఇందులో ఒక ముసలి ఉడుము ఉండేది. పిలిచావంటే వచ్చి ఇల్లు నాదేనంటుంది. తిష్ఠ వేస్తే ఏం చేస్తావు? నేను మాత్రం మధ్యలోకి రాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

సూదమ్మకు ఎండలో పడ్డ చాకిరీ అంతా కళ్ళ ముందు మెదిలింది. ఎందుకొచ్చిన గొడవ అని పిలవకుండానే గడప దాటబోయింది. అమ్మ మాట గుర్తొచ్చి ఆగింది. వెనక్కొచ్చి దుంపను గడప మీద పెట్టింది.

మొదటిసారి పిలిచింది. ఆకు కూడా కదల్లేదు. రెండోసారి పిలిచింది. పొదలో కౌజుపిట్టలు కిసుక్కుమన్నాయి. మూడోసారి గొంతెత్తి పిలిచింది. గట్టు కిందనుంచి ముసలి ఉడుము కుంటుకుంటూ వచ్చింది.

"నన్నేనా తల్లీ, పిలిచింది?"

"అవును తాతా. ఎంగిలి పడండి."

ఉడుము ఒక్క ముక్క కొరికి, మిగతాది పిల్లల వైపు జరిపింది. "ఒక్కసారి లోపలికెళ్ళి చూసుకోనా?" అని అడిగింది. సూదమ్మకు భయమేసింది. అయినా పక్కకు తప్పుకుంది.

లోపల ఉడుము గోడంతా తడిమింది. "ఇవి మా పిల్లల గోళ్ళ గీతలమ్మా. అందరూ తలో దిక్కుకూ వెళ్ళిపోయారు. కాలు విరిగాక రోజూ ఈ గట్టెక్కి దిగలేక దీన్ని నక్కకిచ్చేశాను" అంది. తిరిగి వెళ్ళబోతూ ఆగింది. "పెద్దవాన పడితే ఈ వాకిలి నిలవదు తల్లీ. వెనక మూల నేను తవ్విన ఇంకో దారి ఉంది. మన్ను పూడిపోయింది. తీసి ఉంచుకో."

సూదమ్మ ఆ రోజే మన్ను తీసింది.

పది రోజులకు, మిట్టమధ్యాహ్నం పిల్లలు నిద్రలో ఉండగా, కుండపోతగా వాన పట్టుకుంది. వాకిలి దభాల్న కూలింది. సూదమ్మ పిల్లల్ని ముందుకు తోసుకుంటూ వెనకదారిన బయటపడింది.

వాన వెలిశాక ముగ్గురూ ఉడుమును వెతుక్కుంటూ వెళ్ళారు.

"తాతా, ఆ దారి సంగతి నక్కకు చెప్పలేదా?" అని అడిగింది సూదమ్మ.

"నక్క అడగలేదమ్మా. ఇల్లు వదిలాక నన్ను మళ్ళీ ఆ గడప దగ్గరికి పిలిచింది నువ్వొక్కదానివే."

సూదమ్మ చిన్నపిల్ల ఉడుము పక్కన చేరి, "తాతా, మీ పిల్లలు ఏం ఆటలు ఆడేవాళ్ళు?" అంది. ఉడుము మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

నీతి: మన కొత్త ఇల్లు ఒకప్పుడు మరొకరి ఇల్లే. ముందున్నవాళ్ళను తలుచుకుని అడుగుపెడితే, వాళ్ళ మంచి మన వెంట ఉంటుంది.