వెన్నమరాజు కోటలో ఎదుటి మాట

ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే కథ ఆపేసి అటు తిరిగి పడుకుంటాను, నా సంగతి తెలుసుగా. ఆ మూతి ముడుచుకున్నది చాల్లే. దుప్పటి సరిగ్గా కప్పుకో.

అనగనగా ఒక ఊళ్ళో అంటారు కానీ, మన కథ ఊళ్ళో కాదు, ఊరికి పైన కొండ మీద కోటలో. ఆ కోటకి వెన్నమరాజు అని ఒక రాజు. పేరు చూస్తే వెన్న, కోపం చూస్తే నిప్పు. మనిషి చెడ్డవాడేం కాదు కన్నా. ధైర్యం ఉన్నవాడు, నలుగురికీ పెట్టే చెయ్యి. కానీ కోపం వచ్చిందంటే మాత్రం కన్నూ మిన్నూ కనపడేవి కావు.

చిన్నప్పుడు మాధవభట్టుగారనే గురువు దగ్గర శాస్త్రాలన్నీ చదివాడు. రాజన్నవాడు బయటి శత్రువుల్ని గెలిచే ముందు తన లోపలున్న ఆరుగుర్నీ గెలవాలట. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. వెన్నమరాజు ఇదంతా గడగడా అప్పజెప్పేవాడు. నోటికైతే వచ్చింది గానీ నోట్లోంచి కిందికి దిగలేదు. నీకు ఎక్కాలు వచ్చినట్టే అనుకో.

ఒకసారి ధాన్యం కొట్టు చూసేవాడు వచ్చి, "గింజలకి పురుగు పట్టింది ప్రభూ" అన్నాడు. రాజు వాణ్ణి కొలువులోంచి తీసేశాడు. ఆ తర్వాత మేస్త్రీ వచ్చి, "పడమటి గోడ బీటవారింది" అన్నాడు. వాడికి గుండు గీయించి కోట దాటించాడు. ఆ తర్వాత వేగువాడు వచ్చాడు. వేగువాడంటే శత్రువుల సంగతులు చాటుగా చూసొచ్చి చెప్పేవాడు. "పొరుగురాజు మన మీదికి దండు కడుతున్నాడు" అన్నాడు పాపం. వాణ్ణి తీసుకెళ్ళి చెరసాలలో పెట్టించాడు.

ఇంకేముంది, అప్పట్నించీ ఆ కోటలో అన్నీ మంచి కబుర్లే. పురుగు తన పని తను చేసుకుపోతోంది, గోడ బీట పెరుగుతోంది, రాజుగారి చెవికి మాత్రం అంతా సవ్యంగానే ఉంది.

అప్పుడు పొరుగురాజు నిజంగానే వచ్చిపడ్డాడు.

కోటకీ ఎదురుకొండకీ మధ్య లోతైన వాగు. వాగు మీద తాళ్ళ వంతెన. రాజుగారి తమ్ముడు ఎర్రన, ఇంకా మీసాలైనా సరిగ్గా రానివాడు, కొద్దిమంది మనుషులతో అవతలి కొండ మీద పొంచి ఉన్నాడు. పొద్దున్నే నగారా మోగగానే సేనాపతి గండయ్య దండుతో వంతెన దాటాలి, ఎర్రన కొండ దిగాలి, ఇద్దరూ కలిసి శత్రువు మీద పడాలి. అదీ రాజాజ్ఞ. గండయ్య ఎవరనుకున్నావు? రాజుకి చిన్ననాటి స్నేహితుడు. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు.

నగారా మోగింది. అవతల ఎర్రన కొండ దిగాడు. ఇవతల దండు కదల్లేదు. మళ్ళీ మోగింది. కదల్లేదు. మూడోసారీ మోగింది. గండయ్య వంతెన మొదట్లో రెండు చేతులూ చాపి తన దండుని తనే ఆపి నిలబడ్డాడు. బురుజు మీంచి రాజు చూస్తూనే ఉన్నాడు. తమ్ముడి చుట్టూ శత్రువులు మూగారు. దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే తమ్ముడు కనపడలేదు.

రాజు గండయ్యని కట్టి సభకి ఈడ్చుకు రమ్మన్నాడు. "తల తీయండి" అన్నాడు.

కానీ ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజుగారి తాతగారు పెట్టింది. శాస్త్రాలు చదివిన పండితులు వాదించుకునేటప్పుడు ముందు ఎదుటివాడి పక్షం చెప్పి, ఆ తర్వాతే తమ పక్షం చెప్పాలి. దాన్నే ఆయన కొలువులోకి తెచ్చాడు. నిందపడ్డవాడు తన మాట చెప్పుకుంటాడు. దాన్ని రాజు తన నోటితో తిరిగి చెప్పాలి. "ఔను, నా మాట ఇదే" అని వాడు ఒప్పుకుంటేనే తీర్పు. మూడుసార్లలో చెప్పలేకపోతే ఆ మనిషిని శిక్షించే హక్కు రాజుకి పోతుంది. దానికి ఎదుటి మాట అని పేరు.

వాడు కావాలనే "కాదు, కాదు" అని బుకాయిస్తే ఏం చేస్తారూ అంటావా? అబ్బో, తెలివే! తల్లి మీద ఒట్టు పెట్టించి అడుగుతారు. అప్పట్లో అమ్మ మీద ఒట్టేసి అబద్ధాలాడేవాళ్ళు లేర్లే, నీలాగా.

అప్పుడు ముసలి మాధవభట్టుగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డారు. రాజు చెయ్యి కత్తి పిడి మీదే ఉంది.

గండయ్య చెప్పాడు. "వంతెన తాళ్ళని శత్రువులు పలకల కింద సగానికి కోసి పెట్టారు ప్రభూ. దండు ఎక్కితే అందరూ వాగులో పడిపోయేవాళ్ళు. అందుకని ఆపాను."

రాజు పళ్ళు కొరుకుతూ, "చావంటే భయమేసి తాళ్ళని సాకు పెట్టుకున్నానంటున్నావు" అన్నాడు.

"ఔనా?" అని భట్టుగారు అడిగారు.

"కాదు" అన్నాడు గండయ్య.

"ఆ తాళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసింది?" అని రాజు గర్జించాడు.

"నిన్న సాయంత్రం. వేగు చూసే పోలమ్మ చెప్పింది. తెల్లారేలోగా కొత్త తాళ్ళు వేసేద్దామని చూశాం. కుదర్లేదు."

అంతే, రాజు కత్తి దూశాడు. "నిన్ననే తెలుసా! నాతో చెబితే నా తమ్ముణ్ణి కొండ దిగనిచ్చేవాణ్ణా? వాణ్ణి శత్రువుకి అప్పగించాలనే నోరు మూసుకున్నానంటున్నావు, అంతేగా!"

"ఔనా?"

గండయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎర్రనని నా భుజాల మీద మోశాను. కాదు" అన్నాడు.

కోట బయట శత్రువుల డప్పులు మోగుతున్నాయి. ఇక మిగిలింది ఒక్కసారి. అప్పుడు భట్టుగారు మెల్లిగా అన్నారు. "ప్రభూ, మీరు రెండుసార్లూ చెప్పింది గండయ్య మాట కాదు. మీ కోపం మాట."

రాజు ఆయన వైపు ఎలా చూశాడో తెలుసా? ఆ కత్తి ముసలాయన మీదికే లేస్తుందనుకున్నారు అందరూ. లేచింది కూడా. కాసేపు అక్కడే ఆగింది. ఆ తర్వాత రాజు దాన్ని కింద పెట్టి, సింహాసనం దిగి, గండయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గండా, నాతో ఎందుకు చెప్పలేదురా?"

గండయ్య తల తిప్పి సభంతా చూశాడు. రాజూ అటే చూశాడు. ధాన్యం కొట్టువాడి చోటు ఖాళీ. మేస్త్రీ చోటు ఖాళీ. వేగువాడి చోటు ఖాళీ. మిగిలినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కళ్ళెత్తి తన వైపు చూడటం లేదు. ఇన్నేళ్ళూ అది తన మీద గౌరవం అనుకున్నాడు పిచ్చిమహారాజు.

అప్పుడు రాజు ఒక్కొక్క మాటే చెప్పాడు. "తాళ్ళ సంగతి నాతో చెప్పాలనే అనుకున్నావు. కానీ చెడ్డకబురు తెచ్చినవాళ్ళకి ఇక్కడ ఏమైందో చూశావు. నువ్వు శత్రువుకి భయపడలేదు. నాకు భయపడ్డావు."

"ఔనా?"

"ఔను. నా మాట ఇదే" అన్నాడు గండయ్య, తల వంచి.

ఒప్పుకున్నాడుగా, ఇక తీర్పు చెప్పొచ్చు. గండయ్య కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పకపోవడం నీ తప్పే" అన్నాడు రాజు. "నిన్ను చెప్పనివ్వకపోవడం నా తప్పు. నీ తల తీస్తే, నా తప్పుకి ఎవరి తల తీయాలి?" అని తన చేతులతోనే కట్లు విప్పాడు. చెరసాలలో ఉన్న వేగువాణ్ణి కూడా విడిపించమన్నాడు.

అంతలో పోలమ్మ రొప్పుకుంటూ వచ్చింది. రాజుని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"చెప్పు పోలమ్మా."

"చిన్నదొరని పట్టుకున్నారు దొరా. చేతికి దెబ్బ తగిలింది."

రాజు మొహం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. రాజు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి అన్నాడు. "నా తమ్ముణ్ణి పట్టుకున్నారు. ప్రాణంతో ఉన్నాడు. చేతికి దెబ్బ. ఇంతేనా?"

"ఔను దొరా." ఆమె గుమ్మం దాటి ఒకడుగు లోపలికి వచ్చింది. "ఇంకోటి కూడా ఉంది. మీకు నచ్చదు."

"నచ్చనిదే ముందు చెప్పు."

"మీరు వెళ్ళకూడదు దొరా. మీ కోపం వాళ్ళకి బాగా తెలుసు. తమ్ముణ్ణి పట్టుకుంటే గుర్రమెక్కి పెద్దదారిన దూసుకొస్తారని ఆ దారికి అటూ ఇటూ విలుకాళ్ళని పెట్టి కూర్చున్నారు. మీరు కోట దాటితే కోటా పోతుంది, చిన్నదొరా పోతాడు. వెనక మేకలదారిలో మాత్రం కాపలా లేదు."

అప్పటిదాకా ఎన్నో యుద్ధాలు చేశాడు వెన్నమరాజు. వాటిలో ఏదీ ఇంత కష్టంగా లేదు. తమ్ముడు అక్కడ కట్లలో ఉంటే తను ఇక్కడ కూర్చోవాలి. గుర్రం జీను వేసి సిద్ధంగానే ఉంది. రాజు దాని కళ్ళెం తీసుకెళ్ళి గండయ్య చేతిలో పెట్టాడు.

"నువ్వు వెళ్ళు" అన్నాడు.

గండయ్య కొద్దిమంది మనుషులతో మేకలదారి పట్టాడు. శత్రువుల కళ్ళన్నీ పెద్దదారి మీదే కదా, వెనకనించి వచ్చేవాణ్ణి ఎవరు చూస్తారు? రాజు కోటగుమ్మంలోనే కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూలబడ్డాడు. పొద్దువాలే వేళకి మేకలదారి మలుపులో ఒక గుర్రం కనిపించింది. కళ్ళెం పట్టుకుని గండయ్య నడుస్తున్నాడు. గుర్రం మీద చేతికి గుడ్డ కట్టుకుని ఎర్రన.

ఎర్రన దిగాడు. కుర్రతనం కదా, అలిగాడు. "అన్నా, నువ్వే వస్తావని పొద్దున్నించీ ఎదురుచూశాను. రాలేదేం?" అన్నాడు.

వెన్నమరాజు వాణ్ణి గుండెకి హత్తుకుని బావురుమన్నాడు. "నేను రాలేదు కాబట్టే నువ్వొచ్చావురా, నాన్నా."

కథ చేరింది కంచికి,
కోపం పోయింది మంటికి,
నిద్దర వచ్చింది కంటికి,
మనం వచ్చేశాం ఇంటికి.