పందికొక్కుల పేజీ

అనగనగా, ఒకసారి కాలిపోయి మళ్ళీ చిగురించిన ఒక అడవిలో కూతలమ్మ అనే గోరింక ఉండేది. కొత్త పుస్తకం వస్తే సభలో చదివి వినిపించడం ఆమె పని. ఆ అడవిలో ఒక వింత ఆచారం ఉంది. సభలో చదవని పేజీని చింపి చెదపురుగులకు వేసేస్తారు. ఎన్ని నిజాలు మేశాయో గానీ, అక్కడి చెదలు భలే లావుగా ఉండేవి!

ఈసారి పుస్తకం రాసింది ముళ్ళపంది. ముసలి జంతువులన్నిటినీ అడిగి అడిగి, విసిగించి మరీ రాసింది. ఏడో పేజీ దగ్గర కూతలమ్మ ఆగిపోయింది.

"కార్చిచ్చును ఆపింది ఏనుగులు కావు. మూడు రోజులు కందకం తవ్విన పందికొక్కులు. వాటిలో పన్నెండు కాలిపోయాయి" అని ఉంది, పేర్లతో సహా.

అమ్మో! మంట ఆపామని చెప్పుకునే కదా, ఏనుగుల పెద్ద దంతప్ప వాగులో అందరికన్నా ముందు నీళ్ళు తాగేది! పందికొక్కులకు చివర మిగిలిన బురదే గతి.

సభ మొదలైంది. నక్క కూతలమ్మ చెవిలో గొణిగింది. "అక్కా, ఏడో పేజీ అంటుకుపోయిందని చెప్పెయ్."

కోతి కన్ను గీటింది. "దగ్గు వచ్చినట్టు నటించు పిన్నీ. వీపు నేను తడతాలే!"

దంతప్ప వచ్చి కూతలమ్మ గూడున్న చెట్టుకు వీపు రుద్దుకున్నాడు, అంతే. గూడు ఊగింది. లోపల పిల్లలు కెవ్వుమన్నాయి.

ఆరో పేజీ అయిపోయింది. కూతలమ్మ ఏడో పేజీ దాటేద్దామని రెండు పేజీలు కలిపి పట్టుకుంది. చెదలు అప్పుడే వరస కట్టాయి.

ఇంతలో వెనకనుంచి ముసలి పందికొక్కు తవ్వమ్మ అడిగింది. "అమ్మా, మా ఆయన పేరు వచ్చేసిందా? నాకు చెవుడు. వచ్చినప్పుడు కాస్త చెప్పు తల్లీ, లేచి నిలబడి వింటాను."

కూతలమ్మ పేజీలు విడదీసింది. వణుకుతూనే, చెవిటిదానికి వినబడేలా అరిచి చదివింది. పన్నెండు పేర్లూ చదివింది.

దంతప్ప అడుగులో అడుగేస్తూ దగ్గరకొచ్చాడు. కూతలమ్మ కళ్ళు మూసుకుంది.

"అప్పుడు నేను గున్నను" అన్నాడు దంతప్ప మెల్లగా. "పొగ చూసి పారిపోయాం. తిరిగొచ్చేసరికి మంట ఆరిపోయింది. మీరే ఆపారని అందరూ అన్నారు. మేం కాదనలేదు."

నక్క మూతి ముడుచుకుంది. తవ్వమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది.

మర్నాడు వాగు దగ్గర దంతప్ప పక్కకు తప్పుకున్నాడు. "నువ్వు ముందు తాగు అవ్వా."

"ముందూ వద్దు, వెనకా వద్దు నాయనా" అంది తవ్వమ్మ. "కాస్త జరుగు. నీ పక్కనే తాగుతాను."

నీతి: నిజాన్ని పుస్తకంలో రాస్తే సగం పనే అయినట్టు; వణికే గొంతుతోనైనా నలుగురిలో చదివితేనే, అణిగి ఉన్నవాళ్ళ పరువు వాళ్ళకు దక్కుతుంది.