నలకమ్మ లోతుకు దిగిన కథ

ఒకప్పుడు మా నలకపురుగులు పగలూ రాత్రీ సముద్రం పైనీళ్లలోనే ఉండేవి. మేమేదో పెద్ద జాతి అనుకునేరు. మీ గోటిమీద పదిమందిమి పడతాం. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి, పొద్దున ఏం తిన్నామో దారినపోయేవాళ్లకి కూడా కనిపిస్తుంది.

పైన ఎండలో పచ్చనాచు పెరిగేది. గాలిలోని బొగ్గుపులుసు వాయువునీ, నీళ్లలోని నత్రజనినీ తాగి బలిసేది. నాచుని మేం తినేవాళ్లం. మమ్మల్ని నెత్తళ్లనే చిన్న చేపలు తినేవి.

ఒక పగలు నెత్తళ్ల గుంపు వచ్చి, నలకమ్మ కళ్లముందే ఆమె చెల్లెలు మిణుకమ్మని మింగేసింది. నలకమ్మ తల కిందకి పెట్టి పారిపోయింది. మావాళ్లు దీన్ని సాహసయాత్ర అని చెప్పుకుంటారు. ఆమె కళ్లు మూసుకునే ఈదింది.

వెలుగు పోయింది. నీళ్లు చల్లబడ్డాయి. అక్కడ బురదవ్వ అనే ముసలి పురుగు ఆకలితో పడి ఉంది.

"ఎవరే అది?"

"నలకమ్మనవ్వా. దాక్కోవడానికి వచ్చాను."

"తినడానికేమైనా తెచ్చావా?"

"లేదవ్వా," అంటుండగానే, భయానికి నలకమ్మ కడుపు కదిలిపోయింది. సిగ్గుతో ముడుచుకుపోయింది.

బురదవ్వ ఆ రెట్టని నోట్లో వేసుకుంది. "పచ్చనాచు రుచే. ఇలాంటి తిండి మాకెక్కడిది? ఇక్కడ ఎండే రాదు."

దాంతోపాటే జారిన నలకమ్మ ఒంటేలులోని నత్రజనిని కూడా చుట్టూ ఉన్న కంటికి కనపడని జీవులు ఆత్రంగా తాగేశాయి.

"అవ్వా, పైనుంటే నెత్తళ్లు తింటాయి. ఇక్కడుంటే నేను పస్తుంటాను. ఏం చెయ్యను?"

"చీకట్లో నెత్తళ్ల కంటికి నువ్వు ఆనవు. రాత్రి పైకెళ్లి మెయ్యి. తెల్లారేలోగా దిగొచ్చెయ్యి. నీ పని ఇక్కడే కానిచ్చుకో, మేం బతుకుతాం."

ఆ సాయంత్రం నలకమ్మ పైకొచ్చి అందరికీ చెప్పింది. "దొడ్డికి వెళ్లడానికి అంత దూరమా?" అని నవ్వారు. తెల్లారగానే నెత్తళ్లు వచ్చి, నవ్వినవాళ్లలో సగం మందిని తినేశాయి. మిగిలినవాళ్లు నలకమ్మ దిగిన దారినే దిగారు.

అప్పటినుంచే మేం పొద్దుగూకితే పైకొస్తాం, తెల్లారేలోగా లోతుకు దిగుతాం. గాలిలోంచి నాచులోకి చేరిన బొగ్గూ, నీళ్లలోని నత్రజనీ మా పొట్టల్లో కూర్చుని రోజూ కిందికి దిగుతున్నాయి. అందులో కొంత బొగ్గు వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది.

అడుగున పుట్టిన పిల్లలు పైనుంచి రాలే మా రెట్టని వాన అనుకుని, తలెత్తి నోళ్లు తెరుస్తారు. మేం మాత్రం అటు చూడకుండా, మెల్లగా పక్కకి తప్పుకుంటాం.