గోడ మీద బీరకాయ

అనగనగా ఒక ఊళ్ళో నడుమెత్తు గోడ ఒకటి. గోడకి అటు పెరట్లో సూరమ్మ, ఇటు పెరట్లో అచ్చియ్యమ్మ. ఇద్దరూ తోడబుట్టిన అక్కచెల్లెళ్ళే. అన్నదమ్ములకి ఇచ్చి చేశారు, అందుకని పక్కపక్క ఇళ్ళు.

ఒకరోజు అచ్చియ్యమ్మ కోళ్ళు గోడ దూకి, సూరమ్మ తోటకూర మడంతా గీరి పారేశాయి. అప్పుడు అక్క సూరమ్మ నాలుగు మాటలంది. చెల్లెలు ఎనిమిదంది.

"నీ పెరట్లో ఆకు నేనడిగితే ఒట్టు!" అంది చెల్లెలు.

"అడిగినా నేనిస్తే ఒట్టు!" అంది అక్క.

అంతే, మాటలు ఆగిపోయాయి.

ఆ తర్వాత అచ్చియ్యమ్మకి పంతం పట్టుకుంది. అక్క పెరట్లో లేనివే పెంచుతానని పట్నం నుంచి విత్తనాలు తెప్పించింది. క్యాబేజీ వేసింది, ఎండకి మాడిపోయింది. కాలీఫ్లవర్ వేసింది, పురుగు తినేసింది. క్యారెట్ వేసింది, వేలెడు ఆకొచ్చింది గానీ కింద దుంప లేదు. నడివేసవిలో చలికాలపు పంట వేస్తే ఏమొస్తుందమ్మా? అటుపక్క సూరమ్మ పెరట్లో మాత్రం మునగ, బచ్చలి, బీర ఎవరూ పట్టించుకోకపోయినా విరగకాసేవి.

ఇంతలో అచ్చియ్యమ్మ కూతురు కాసులుకి అయిదో నెల అని కబురొచ్చింది. తొలి కానుపు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో పిల్ల వస్తుంది. వస్తే కంచంలో ఇంత ఆకుకూర వెయ్యడానికి పెరట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. కూరగాయల బండి ఆ ఊరికి రాదు. అక్కని అడుగుదామంటే ఒట్టు అడ్డం. అచ్చియ్యమ్మకి దిగులు పట్టుకుంది.

అప్పుడొక సంగతి గుర్తొచ్చింది. దొంగిలించి తెచ్చిన మొక్క ఇట్టే నాటుకుంటుందని ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నమ్మకం. అడగనని ఒట్టు పెట్టుకుంది గానీ, ఎత్తుకురానని పెట్టుకోలేదుగా!

తొలకరి పడ్డ మర్నాడు, మిట్టమధ్యాహ్నం, గోడ దగ్గరికి వెళ్ళింది. చేతిలావు మునగ కొమ్మ ఒకటి గోడకి ఆనించి ఉంది. లాక్కుంది. అవతల సూరమ్మ వీపు ఇటు పెట్టి పెయ్యదూడతో మాట్లాడుతోంది.

"మునగ కొమ్మ మూరెడు లోతు పాతాలే పెయ్యా. మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోద్ది."

అక్కకి మతి పోయిందనుకుంది అచ్చియ్యమ్మ. అయినా మూరెడు లోతే పాతింది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళింది. బచ్చలి తీగ ఒకటి గోడ దిగి ఇటు వేలాడుతోంది. తుంచుకుంది.

"రెండు కణుపులు మట్టిలో ఉంటే చాలే పెయ్యా. బచ్చలి అదే బతుకుద్ది," అంటోంది సూరమ్మ.

మూడోసారి గోడ మేకుకి ఎండిన బీరకాయ ఉంది, లోపల గింజలు గలగలమంటూ. అందుకుంది.

"గింజలు ఓ పూట నానబెట్టాలే పెయ్యా. పాదు పాకేలోపు పందిరెయ్యాలి."

అచ్చియ్యమ్మ తలెత్తి చూసింది. అవతల పెయ్య లేదు. పొద్దున్నే మందతో మేతకి పోయింది. సూరమ్మ ఉత్త గుంజతో మాట్లాడుతోంది.

అచ్చియ్యమ్మ బీరకాయ పట్టుకుని అక్కడే కూలబడింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, ఆ తర్వాత లేచి పందిరి వేసింది.

కాసులు వచ్చేసరికి మునగ చిగురేసింది, బచ్చలి కంచె ఎక్కింది, బీరపాదుకి పిందెలు దిగాయి. మొదటి కాయ కోసి అచ్చియ్యమ్మ గోడ మీద పెట్టింది. పెట్టి, పందిరి చాటుకెళ్ళి కోళ్ళతో అంది, "లేత కాయే, ఇవాళే వండుకోవాలి."

సూరమ్మ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. కాయ చెంగులో దాచుకుని, పిల్లిలా అడుగులేస్తూ లోపలికి పోయింది.

మరి మాట్లాడుకున్నారా అంటే, లేదు. ఒట్టు ఒట్టే.

ఆ తర్వాత కాసులు నీళ్ళాడింది. ఇంట్లో పసిగుడ్డు ఏడుపు వినపడింది. గోడవతల సూరమ్మ నిలవలేకపోతోంది.

"కాసులుకి ఎవరు పుట్టారే పెయ్యా?" అంది.

"ఆడపిల్లేనే కోడీ," అంది అచ్చియ్యమ్మ. "ముక్కు మాత్రం గోడవతలి ముక్కే."

అప్పుడు సూరమ్మ ఆ వయసులో గోడెక్కి దిగింది. చీర చిరిగింది, మోకాలు గీరుకుంది. తిన్నగా ఇంట్లోకి వచ్చి ఉయ్యాల్లోంచి పిల్లని ఎత్తుకుంది. అడగనూ లేదు, అచ్చియ్యమ్మ ఇవ్వనూ లేదు. గుమ్మంలో నిలబడి చూసింది, అంతే.

"ఎత్తుకొచ్చిందే బాగా బతుకుద్ది," అంది సూరమ్మ, ఈసారి చెల్లెలి మొహంలోకి చూసి.

కొమ్మ పాతితే మునగ,
కాడ గుచ్చితే బచ్చలి,
గోడ దూకితే అక్క!
కథ కంచికి, కాయ కంచానికి,
మనం ఇంటికి, నువ్వు మంచానికి!