సన్నాసయ్య కడుపులో గడియారం

నూకరాజు మేకల వ్యాపారం మొదలుపెట్టాలనుకున్న రోజున అతని దగ్గరున్న ఆస్తి ఇదీ: ఆరు వందల రూపాయలు, ఒక తండ్రి, ఒక మేనత్త.

ఆరు వందలూ కొబ్బరికాయలు దింపి కూడబెట్టినవి. తండ్రి సన్నాసయ్య పళ్ళు చూసి మేక వయసు చెప్పగలడు. మేనత్త గౌరమ్మకి మేకల సంగతి తెలియదు గానీ, తెలియని సంగతులన్నిటి మీదా సలహా ఇవ్వగలదు. ఈ మూడూ కలిస్తే రెండు పాడిమేకలు. రెండు మేకలు ఏడాది తిరిగేసరికి ఆరు, ఆరు పద్దెనిమిది, పద్దెనిమిది యాభై నాలుగు. నూకరాజు లెక్కలో తోడేలు రాదు, రోగం రాదు, మగమేక పుట్టదు. నాలుగో ఏటికి కొండదిగువపాలెంలో మనుషులకన్నా వాళ్ళ మేకలే ఎక్కువ.

"లెక్కల్లో మావోడి తరవాతే ఎవడైనా" అనేవాడు సన్నాసయ్య.

"ఆలోచనలో మా తమ్ముడి తరవాతే" అనేది గౌరమ్మ.

"సలహాల్లో మా అత్త తరవాతే" అనేవాడు నూకరాజు.

ఊళ్ళో ఇంకెవరూ ఈ మాటలు అనకపోవడంతో ముగ్గురూ రోజూ అన్నాలయ్యాక వంతులవారీగా తామే అనుకుని పడుకునేవారు.

ఇంత తెలివి ఉన్నా ఒక్క చిక్కు మాత్రం తెగలేదు. మేకలు దొరికేది గురువారం చింతలపేట సంతలో. తెల్లారి ఆరింటికి బయల్దేరితే ఏడింటికి చేరొచ్చు. ఎనిమిది దాటితే అక్కడ మిగిలేది పలుపుతాళ్ళే. సన్నాసయ్యకేమో ఒక నియమం ఉంది. కడుపు ఖాళీ కానిదే గడప దాటడు. ఆ కడుపుకీ ఒక నియమం ఉంది. పదయితే గానీ కదలదు.

"అయ్యా, కానీ!" అని నూకరాజు పెరట్లో తడిక బయట గంతులేసేవాడు.

"నాదేముందిరా? చెంబు పట్టుకుని నేను కోడికూతప్పుడే వచ్చాను. అదే రాలేదు" అని తడిక వెనకనుంచి జవాబొచ్చేది.

అలా రెండు గురువారాలు పోయాయి. మూడోది దాటితే ఏరు పొంగుతుంది, మళ్ళీ దసరాదాకా సంత పెట్టరు. దసరాదాకా ఆగితే యాభై నాలుగు మేకల్లో ఎన్ని తగ్గుతాయో లెక్క వేసుకుని నూకరాజుకి ఏడుపొచ్చింది. అంతే, తండ్రిని వెంటబెట్టుకుని వీరభద్రాచారి దగ్గరికి పరుగెత్తాడు. ఆ చుట్టుపక్కల వైద్యం తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఆచారి నాడి చూశాడు, నాలుక చూశాడు. "రాత్రి ఎప్పుడు తింటావయ్యా?"

"ఆకలేసినప్పుడండి."

"ఎప్పుడేస్తుంది?"

"తిన్న కాసేపటికండి."

ఆచారి మీసంలో నవ్వుకున్నాడు. "చూడు సన్నాసయ్యా, మన కడుపులోనూ ఒక గడియారం ఉంటుంది. రాత్రి మనతోపాటు కడుపూ పడుకుంటుంది, పొద్దున్న మనతోపాటు లేస్తుంది. పడుకున్నదాని నెత్తిన నువ్వు అర్ధరాత్రి కుండెడన్నం పోస్తే అది తెల్లారి ఎలా లేస్తుంది? పొద్దుండగానే తిను. లేవగానే గోరువెచ్చటి నీళ్ళు తాగు, కాస్త ఏదైనా తిను, రోజూ ఆరింటికే వెళ్ళి కూర్చో. తొందరపెట్టకు. కొన్నాళ్ళకి అదే దారికొస్తుంది."

మందు లేదు, మాకు లేదు. దణ్ణం పెట్టి వచ్చేశారు. దారిపొడుగునా సన్నాసయ్య పొట్ట రెండు చేతులతో పట్టుకుని, గుంట కనబడితే చుట్టూ తిరిగి, అడుగులో అడుగేసి నడిచాడు.

"ఏటయ్యా, నొప్పా?"

"లోపల గడియారం ఉందంట కదరా. అదిరి అద్దం పగిలితే ఎవడు పెడతాడు?"

ఇంటికి రాగానే గౌరమ్మ సంగతంతా విని, తమ్ముడిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టకి చెవి ఆనించింది. "టిక్కు టిక్కు అనట్లేదురా. గుర్రు గుర్రు అంటోంది."

"ఆగిపోయినట్టుంది" అన్నాడు నూకరాజు.

"నేనెప్పుడో అన్నాను! చిన్నప్పుడు మా అమ్మ పెట్టెతాళం కనబడకపోతే వీడే మింగాడని ఊరంతా చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఎందుకు మింగాడో ఇప్పుడు తెలిసింది. లోపలిదానికి కీ ఇచ్చుకోడానికి!"

సన్నాసయ్య తన ముందుచూపుకి తనే మురిసిపోయాడు.

నూకరాజు ఊరుకునే రకం కాదు. ఆగిన గడియారాన్ని ఇంకో గడియారం చూసి దిద్దుకోవాలి, లోకంలో ఎవరైనా చేసేది అదే. మేకల డబ్బులోంచి కొంచెం తీసి, నెత్తిన గంట ఉన్న అలారం గడియారం ఒకటి కొనుక్కొచ్చాడు. తువ్వాలుతో తండ్రి పొట్టకి కట్టబోతుంటే గౌరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ముఖం బయటికి పెడతావేట్రా? చూడాల్సింది కడుపా, నువ్వా?"

నిజమే కదా! ముఖం లోపలికి తిప్పి కట్టాడు. ఇంకేముంది, ఆ ఇంట్లో టైమెంతో సన్నాసయ్య కడుపుకి తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోయింది.

రాత్రి కడుపు పడుకుంటుందని ఆచారి చెప్పాడుగా. గౌరమ్మ పొట్టకి దుప్పటి కప్పి, జోకొట్టి, ఇంటిల్లిపాదినీ గుసగుసల్లో మాట్లాడమంది. సన్నాసయ్యకి దగ్గొస్తే వీధిలోకెళ్ళి దగ్గి వచ్చాడు. తెల్లవారుజామున పొట్టమీద గంట మోగింది. మామూలు మోతా అది? సన్నాసయ్య పడుకున్నచోటు నుంచే ఎగిరి గుంజ కావలించుకున్నాడు. కోళ్ళు గోడ దూకాయి. గంట ఆపడానికి తువ్వాలు ముడి విప్పాలి, ముడి విప్పడానికి గుంజ వదలాలి, గుంజ వదలడానికి సన్నాసయ్యకి ధైర్యం చాలదు. దానంతటది ఆగేదాకా ముగ్గురూ అరుస్తూనే ఉన్నారు.

ఆ తరవాత చెంబు పట్టుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. ఏమీ లేదు.

"కడుపు జడుసుకుందిరా. నిద్రలో పసిపిల్లని అలా లేపుతారా ఎవరైనా?" అని గౌరమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, పొట్ట చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకి ముగ్గురికీ సాయంత్రందాకా తుమ్ములు. తుమ్మినప్పుడల్లా సన్నాసయ్య పొట్ట పట్టుకుని, "అద్దం! అద్దం!" అనేవాడు.

సరే, గంట తప్పు. మరి పొద్దుండగానే తినమన్నాడు కదా, అది చేద్దామన్నాడు నూకరాజు. ఆ సాయంత్రం గౌరమ్మకి తుమ్ములతో వంట ఆలస్యమైంది. అన్నం కుండ దింపేసరికి పొద్దు గూకిపోయింది. నూకరాజు వీధిలోకి వచ్చి చూస్తే ఊరు నీడలో ఉంది గానీ, ఊరి పక్కనున్న కొండ నెత్తిన ఎండ ఇంకా మెరుస్తోంది.

"అత్తా! పొద్దు ఇక్కడే పోయింది, అక్కడ ఉంది!"

అంతే. అన్నం కుండ నూకరాజు నెత్తిన, పులుసు దాక గౌరమ్మ చంకన, కంచం సన్నాసయ్య చేతిలో. ముగ్గురూ కొండెక్కడం మొదలుపెట్టారు. వాళ్ళు నాలుగడుగులు ఎక్కితే ఎండ ఐదడుగులు పైకి పోయింది.

"తినేయరా సన్నాసీ, అందినకాడికి తినేయి!" అని గౌరమ్మ పరుగెడుతూనే ముద్దలు చేసి తమ్ముడి నోట్లో కుక్కింది. చివరి ముద్ద చివరి బండ మీద, చివరి ఎండలో పడింది. ముగ్గురూ గెలిచినట్టు కేకలు పెట్టారు.

కొండ ఎక్కితే తిన్నది అరుగుతుంది, దిగితే మిగిలింది కూడా అరుగుతుంది. ఇంటికి చేరేసరికి సన్నాసయ్యకి నకనకలాడే ఆకలి.

"ఇప్పుడు తినకూడదయ్యా, కడుపు పడుకుంది" అన్నాడు నూకరాజు.

"పడుకున్నది కడుపు కదరా, ఆకలి మేలుకునే ఉంది."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ఆలోచించారు. చివరికి దారి దొరికింది. కడుపు లేవకుండా, చప్పుడు చేయకుండా తినాలి. సన్నాసయ్య దీపం తగ్గించి, కుండ ముందేసుకుని, నమలకుండా, గుటక వినబడకుండా కుండెడు చద్దన్నం మింగాడు. మధ్యలో ఉల్లిపాయ అడిగితే గౌరమ్మ కొట్టింది. కొరికితే చప్పుడవుతుంది కదా.

అలా వారమంతా ఎండ వెంట కొండెక్కడం, రాత్రి దొంగలా తినడం. పది గంటలకి కదిలే కడుపు పదకొండుకి జరిగింది.

బుధవారం వచ్చేసింది. నూకరాజు తడిక బయట కూలబడి, నెల మీద నెల కలిపి, దసరాదాకా పోయే మేకపిల్లల్ని వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు. వేళ్ళు చాలక కాలివేళ్ళ దాకా వచ్చేసరికి బుర్రలో మెరుపు మెరిసింది.

"అయ్యా! నువ్వు ఆరింటికి వెళ్ళాలి, అంతే కదా?"

"అంతే."

"నువ్వు వెళ్ళినప్పుడు ఆరయితే?"

"ఒరే నూకా" అంది తడిక వెనకనుంచి సన్నాసయ్య గొంతు. "ఇంత తెలివి మన ఇంట్లో పెట్టుకుని, బయటోడి దగ్గరికి ఎందుకెళ్ళామురా?"

నూకరాజు చెయ్యి తడిక సందులోంచి దూర్చి గడియారం విప్పుకున్నాడు. తండ్రి 'హమ్మయ్య' అనేదాకా ఆగి, ముల్లు సరిగ్గా ఆరు మీదికి తిప్పాడు. గౌరమ్మ బెల్లం పంచింది. ఆచారికి రోజులు పట్టే పని నూకరాజుకి ఒక్క తిప్పుతో అయిపోయింది.

గురువారం కూడా అలాగే జరిగింది. సన్నాసయ్య పెరట్లోంచి చెంబుతో వచ్చాడు, నూకరాజు ఆరు చేశాడు, ముగ్గురూ బయల్దేరారు. ఇంట్లో వదిలేస్తే దారిలో ఇంకో టైమవుతుందేమోనని గడియారం వెంట తీసుకెళ్ళారు.

"ఆరింటికే నెత్తి మాడిపోతోందేట్రా?" అంది గౌరమ్మ కొంగు కప్పుకుని.

"వానలముందు ఎండ అత్తా. తొందరగా లేస్తుంది."

దారిలో ఎదురుగా జనం మేకల్ని తోలుకుని వస్తున్నారు. "ఏం నూకరాజూ, ఇప్పుడా బయల్దేరడం?" అని ఒకాయన నవ్వాడు.

"మీకేం తొందరొచ్చింది మావా? సంత మొదలవకుండానే తిరిగొచ్చేస్తున్నారు!" అని నూకరాజు జాలిపడ్డాడు. పాపం, ఇళ్ళల్లో గడియారాలు లేని మనుషులు.

సంత మైదానం చేరేసరికి గడియారంలో సరిగ్గా ఏడు. మైదానంలో ఒక్క మేక లేదు. తాళ్ళమ్మే ముసలాయన ఒక్కడే మిగిలిన తాళ్ళు చుట్టుకుంటున్నాడు.

"చూశారా, అందరికన్నా ముందొచ్చాం!" అన్నాడు నూకరాజు.

సన్నాసయ్య వంగి నేలంతా చూశాడు. ఎక్కడ చూసినా మేకపెంటికలే. "మేకలైతే వచ్చాయిరా" అన్నాడు, అసూయగా. "వాటి కడుపులు ఎంత బాగా పనిచేస్తున్నాయో! ఒక్కదానికీ గడియారం కట్టలేదు."

"సంత ఎప్పుడో అయిపోయింది నాయనా. ఇంక దసరాకే" అన్నాడు ముసలాయన.

నూకరాజు గడియారం ఆయన ముఖం ముందు పెట్టాడు. ముసలాయన గడియారాన్ని చూశాడు, నెత్తిమీద సూర్యుణ్ణి చూశాడు, పొట్టకి తువ్వాలు చుట్టుకున్న సన్నాసయ్యని చూశాడు. తాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గౌరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. సన్నాసయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "నా కడుపు నీ మేకల్ని తినేసిందిరా నూకా."

తండ్రి కళ్ళల్లో నీళ్ళు చూస్తే నూకరాజుకి లెక్కలు ఇంకా చురుగ్గా వస్తాయి. "ఊరుకో అయ్యా. పాడైంది ఇవాళే గానీ గడియారం కాదు. పోయిన గురువారం ఇక్కడ సంత నిండుగా ఉందని ఊరంతా చెప్పలేదా? మనకి ఆ రోజు కావాలి. రోజుకి ముల్లు రెండు చుట్లు తిరుగుతుంది. వారానికి ఎన్ని?"

"నువ్వే చెప్పు."

"పద్నాలుగు! వెనక్కి పద్నాలుగు చుట్లు తిప్పితే చాలు. కడుపే విన్న మాట సంత వినదా?"

ఇంకేముంది, ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి.

"జాగ్రత్తరా, నాలుగు చుట్లు ఎక్కువ తిప్పావంటే మంగళవారం వచ్చిపడుతుంది. మళ్ళీ నేను ఉపవాసం ఉండలేను" అంది గౌరమ్మ.

నూకరాజు ముల్లు తిప్పే మర పట్టుకున్నాడు.

"ఆగాగు!" అని సన్నాసయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "పోయిన గురువారం సంత వేళకి నేనెక్కడున్నాను?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తడిక వెనక! ఎంత గండం తప్పింది! ఎవరూ గుర్తు చేయకపోతే, నిండు సంతలో, అందరి ఎదుట, చేతిలో చెంబు కూడా లేకుండా...

"ఇందుకే అంటాను, ఆలోచనలో మా తమ్ముడి తరవాతే ఎవరైనా" అంది గౌరమ్మ, కళ్ళు తిప్పుకోకుండా తమ్ముణ్ణి చూస్తూ.

నూకరాజు పరుగున పోయి, బావి దగ్గర చెంబు అడిగి, నిండా నీళ్ళు తెచ్చి తండ్రి చేతికిచ్చాడు. సన్నాసయ్య మైదానంలో ఓ మూల చూసుకుని, పంచె సర్దుకుని, గొంతుక్కూర్చున్నాడు. గౌరమ్మ మర్యాదగా అటు తిరిగి, కొంగు తెరలా పట్టుకుంది.

"సిద్ధమేనా అయ్యా?"

"కానీయరా!"

నూకరాజు బొటనవేలు తడి చేసుకుని, మర పట్టుకుని, "ఒకటి..." అన్నాడు.