నేల లాగడం నేర్చుకున్న రోజు

ఒకప్పుడు నేలకు పట్టు లేదు. వదిలిన వస్తువు ఏదైనా మెల్లగా పైకి తేలిపోయేది. అన్నం తినాలంటే మూత సందులోనుంచి తినవలసిందే. గేదెలు గాలిలో తలక్రిందులుగా వ్రేలాడుతూ మేసేవి. అల్లుడు గడపలో అడుగుపెడితే ముందుగా కాళ్ళకు నీళ్ళు ఇచ్చేవారు కారు, నడుముకు తాడు కట్టేవారు.

అందుచేత ఆ కాలంలో తాడు పేనేవారే ఊరికి పెద్దలు. పేరిందేవి అట్టి ఇంట పుట్టింది. ఆమె తాత బొల్లయ్య ఒక గాలివాననాడు ఊరి పశువులన్నిటినీ ఒక్క పలుపుతో ఆపి నిలిపాడు. అమ్మమ్మ గంగసాని ఊరిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఏమీ తీసుకోకుండా మొలతాడు పేని ఇచ్చింది. “మా ఇంటి ముడి ఊడిన దినం లేదు” అని పేరిందేవి వచ్చినవారికల్లా చెప్పుకొనేది.

ఆ ఇంటి నియమం ఒకటే. తడి తాడుకు ముడి వేయరాదు. తడిలో బిగిసిన ముడి ఎండలో వదులవుతుంది.

ఒకనాడు ఆమె కూతురు కోమలికి నొప్పులు వచ్చాయి. దాహం, దాహం అని కోమలి మూలిగింది. ఇంట్లో చుక్క లేదు. ఉన్న నీళ్ళన్నీ పేరిందేవి తాళ్ళు నానవేయడానికి వాడింది. ఆ రోజుల్లో వాన క్రిందికి కురిసేది కాదు. ఎవరో ఒకరు మబ్బులోకి వెళ్ళి తోలుతిత్తి నింపుకొని రావాలి.

“నేను వెళ్తానమ్మా” అన్నాడు కొడుకు చందయ్య.

“తాళ్ళన్నీ తడిగా ఉన్నాయిరా. కాస్త ఆగు.”

“అక్క గొంతు ఆగుతుందా? అయినా నీ ముడి ఊడుతుందని ఊరిలో చెబితే నవ్వుతారు.”

ఆ మాట పేరిందేవికి ఇంపుగా తగిలింది. ముడి వేసింది. ఇంటి కప్పు తీసింది. చందయ్య తిత్తి భుజాన వేసుకొని తేలిపోయాడు.

పైన ఎండ కాసింది. తాడు ఎండింది. పేరిందేవి చేతిలో తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. చందయ్య కుండంత అయ్యాడు, తరువాత గిన్నెంత అయ్యాడు. ఆమె కన్నీళ్ళు కూడా చెంపలపై నిలవలేదు, వాడి వెంటే పోయాయి.

ఆమె తన నడుము తాడుపై చేయి వేసింది.

“ఎక్కడికే?” అన్నది నేల, సగం నిద్రలో.

“నా బిడ్డ దగ్గరికి. నీకేం, పడుకో. ఇంతకాలం ఎవరినైనా పట్టుకున్నావా?”

“నాకు చేతులు లేవు, తాడు లేదు. ఎట్లా పట్టుకోను?”

“నన్ను చూడు. వాడివైపు నన్ను ఏ తాడు లాగుతున్నది?”

నేల నిద్ర వదిలింది. “అట్లా అయితే లాగగలను. కాని నాకు ఎంపిక తెలియదు. కుండనూ లాగుతాను, కుండ పట్టిన ముసలమ్మనూ లాగుతాను. నీవు ఇక పైకి పోలేవు. నీ కొడుకు దూరం వెళ్ళాడు. వాడు ఇంకా దూరం పోకుండా ఆపగలనేమో గాని, దించలేను.”

“అయితే వద్దు” అని పేరిందేవి తన ముడి విప్పబోయింది.

అంతలో వెనుకనుంచి కోమలి గొంతు వినబడింది. “అమ్మా, పుట్టిన పిల్ల నా చేయి జారింది. కప్పు తీసే ఉంది. తాడు, తాడు ఇవ్వు.”

ఇవ్వడానికి ఆ ఇంట్లో పొడి తాడు ఒక్కటీ లేదు. పసిబిడ్డ అప్పటికే దూలం దాటుతున్నది. పేరిందేవి ఒక్కసారి పైకి చూసింది. చందయ్య గవ్వంత కనబడుతున్నాడు.

“లాగు” అన్నది నేలతో.

చేటలు పడ్డాయి, కుండలు పగిలాయి. ఒక కాకి దబ్బున పడి, “ఎవరే నా కాలు లాగింది?” అని తిట్టి, రెక్కలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పసిబిడ్డ వచ్చి పేరిందేవి ఒడిలో పడింది. ఆ బరువుకు ఆమె నడుము మొదటిసారి వంగింది. తీసి ఉన్న కప్పులోంచి వాన కురిసింది. కోమలి దోసిలి పట్టి త్రాగింది.

మనుమరాలికి మాటలు వచ్చాక ఆకాశంలో తెల్లని గుండ్రని దానిని చూపి అడిగింది. “అమ్మమ్మా, అది ఎవరు?”

“మీ చందమామ.”

“మన ఇంటికి రాడా?”

“రాడు. మనల్ని విడిచి పోడు కూడా.”

పేరిందేవి పోయేముందు కూతురికి తాడు పేనే కొయ్యను అప్పగించింది. తడి ముడి వేసిన తప్పును ఏదీ దాచకుండా చెప్పింది. అంతకు మించి ఆమె దగ్గర ఏమీ లేదు.

అప్పటినుంచే చేయి జారినది నేలమీద పడుతున్నది, ముసలివారి నడుము నేలవైపు వంగుతున్నది, చందమామ దిగి రాలేక, విడిచి పోలేక మన చుట్టూ తిరుగుతున్నాడు.